అడిగి తినే భోజనం



ఈ వేళ నేను ముచ్చటించబోయేది వండటం గురించి కాదు, ఎవరో వండినదాన్ని వెళ్ళి కూచుని తినడం గురించి. "అదేమంత గొప్ప విద్య? డబ్బులిస్తే పెడతారు, తింటాం" అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. అమెరికాలో బోస్టన్ నగరంలో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలున్నాను. అప్పుడు అక్కడి ఇటాలియన్ పేటలో ఒక చిన్న చేపల హోటలుకి వెళ్ళొచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు పై దేశాల్లో ఉన్నారు. ఏడాదికో రెండేళ్ళకో మనమూ వెళ్ళొస్తున్నాం. వాళ్ళు ముచ్చటపడి ఇలాంటి చోట్లకి తీసుకెడతారు. మనం మెనూ కార్డు చేతపట్టుకుని బిక్కమొహం వేసి, "నీకేది తోస్తే అదే చెప్పమ్మా" అని భారం పిల్లల మీద పెట్టేస్తాం. అలా పెట్టేయకుండా ఉండటానికి కావలసిన సంగతులు కొన్ని చెబుతాను.

ఆ పేట పేరు నార్త్ ఎండ్. హేమార్కెట్ స్టేషన్లో రైలు దిగి, మధ్యలో ఉన్న పార్కు దాటితే వచ్చేస్తుంది. హానోవర్ వీధి, సేలం వీధి అని రెండు ముఖ్యమైన వీధులు. వాటి మధ్య ఇరుకు సందులు, ఎర్ర ఇటుకల మేడలు, మేడల కింద హోటళ్ళు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇటలీ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు అక్కడ చేరారు. సిసిలీ ద్వీపంలో షాక్కా అనే రేవు ఊరుంది. అక్కడి బెస్తవాళ్ళు కూడా వచ్చి, బోస్టన్ రేవులో పడవలు వేసుకుని చేపలు పట్టుకుంటూ బతికారు. తమ ఊరి అమ్మవారి పండుగ 1910లో అక్కడ మొదలుపెట్టారు. ఇప్పటికీ ఏటా ఆగస్టులో మేరీమాత విగ్రహాన్ని భుజాల మీద వీధులన్నీ తిప్పుతారు. మన సముద్రపు ఒడ్డు పల్లెల్లో గంగమ్మ జాతర చూసినవాళ్ళకి అదేం కొత్తగా ఉండదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ హోటళ్ళలో పెట్టేది రాజుల వంట కాదు. బెస్తవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ పూట వలలో పడ్డదానితో చేసుకున్న వంట. మసాలా ఉండదు. వెల్లుల్లి, ఆలివ్ నూనె, నిమ్మకాయ, టొమాటో, కొత్తిమీరకి దగ్గరి చుట్టమైన పార్స్లీ ఆకు, కాస్త ఎండుమిరప పలుకులు, అంతే. టొమాటో, మిరప వాళ్ళవీ కావు, మనవీ కావు. రెండూ అమెరికా ఖండం నుంచి కొలంబస్ తరవాతే వాళ్ళకీ మనకీ వచ్చాయి. ఇవాళ టొమాటో లేకుండా వాళ్ళకి, మిరపకాయ లేకుండా మనకి పూట గడవదు. ఆ కొలంబసు ఇటలీలోని జెనోవా వాడే కావడం తమాషా.

మేం వెళ్ళిన హోటల్లో బల్లలు ఎనిమిదే. పొయ్యి ఎదురుగానే ఉంది. వంటాయన చెయ్యి చాస్తే ముందు బల్లకి తగులుతుంది. ఇలాంటి చిన్న చోట్లలో ముందుగా చెప్పి బల్ల అట్టేపెట్టుకునే పద్ధతి తరచు ఉండదు. పేవ్‌మెంటు మీద వరుసలో నిలబడాలి. కొన్నిచోట్ల నగదే తీసుకుంటారు. మరీ చిన్నవాటిలో బాత్‌రూము కూడా ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఆ పని ముందే చూసుకుని బయల్దేరడం మంచిది. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, అందుకని చెబుతున్నాను.

మేం అయిదుగురం వెళ్ళాం. మా అమ్మాయి, అల్లుడు, ఎనిమిదేళ్ళ మనవడు, నేను, గుంటూరు నుంచి వచ్చి అదే బిల్డింగులో కొడుకు దగ్గరుంటున్న ఒక పెద్దావిడ. ఆవిడని నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను. ఉల్లిపాయ కూడా వారంలో రెండు రోజులు ముట్టని మనిషి. "చేపల హోటలుకి మీరెందుకండీ?" అంటే, "ఇంట్లో ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూచోలేను. మీరు తినండి, నేను మనుషుల్ని చూస్తాను" అన్నారు.

ఇక మా మనవడి సంగతి. వాడికి రొయ్యలు పడవు. ఈ మాట మా అమ్మాయి మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు నేను నవ్వాను. కాకినాడ వాళ్ళకి రొయ్యలు పడకపోవడమేమిటి, మా వంశంలో ఎవరికైనా ఉందా అన్నాను. రెండేళ్ళ కిందట వాళ్ళు సెలవులకి ఇండియా వచ్చారు. నేను రొయ్యల ఇగురు చేసి, రొయ్యలన్నీ ఏరేసి, ఉత్త గుజ్జు అన్నంలో కలిపి వాడికి పెట్టాను. "రొయ్య ఒక్కటీ లేదు కదా, ఏమవుతుంది?" అనుకున్నాను. పావుగంటలో పెదవులు వాచిపోయాయి. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో ఈల. మా అమ్మాయి సంచీలోంచి ఎపినెఫ్రిన్ సూది తీసి తొడలో పొడిచింది. ఆసుపత్రిలో ఆ రాత్రి వాడి మంచం పక్కన కూచున్న నాతో అది ఒక్కమాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ తరవాత డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పడనివాళ్ళలో ఎక్కువమందికి అపకారం చేసేది అదే. ఉడికించినా వేయించినా దాని గుణం పోదు. పైగా ఉడికిన నీళ్ళలోకి, గుజ్జులోకి దిగుతుంది. ముక్క తీసేసినంత మాత్రాన ప్రమాదం తప్పదు. పీతల్లోనూ అదే జాతి ప్రొటీన్ ఉంటుంది. ఆల్చిప్పల్లో, స్క్విడ్‌లో కాస్త తేడాగా ఉంటుంది. చేపల్లో అపకారం చేసే ప్రొటీన్ వేరు. అందుకే రొయ్యలు పడనివాళ్ళు చాలామంది చేపలు తినగలరు. ఎవరికేది పడుతుందో తేల్చాల్సింది మాత్రం డాక్టరే. మనం ఇంట్లో "కాస్త పెట్టి చూద్దాం" అనకూడదు. మా వాడు పరీక్షలన్నీ అయ్యాక చేపలు తింటున్నాడు.

బోస్టన్ ఉన్న మాసచూసెట్స్ రాష్ట్రంలో ఒక మంచి చట్టముంది. హోటలు మెనూ కార్డు మీద, "మీలో ఎవరికైనా పడని పదార్థముంటే ఆర్డరు ఇచ్చేముందే మాకు చెప్పండి" అనే అర్థం వచ్చే వాక్యం ఉండి తీరాలి. 2010 నుంచి అమలులో ఉంది. అయితే ఆ వాక్యం చెప్పమంటుందే గాని, చెబితే తప్పక జాగ్రత్తగా వండి పెడతామని మాట ఇవ్వదు. రెంటికీ తేడా ఉంది.

మా అమ్మాయి ముందురోజు ఫోను చేసి అడిగింది. ఎవరో ఎత్తి, "ఫరవాలేదు, తీసుకురండి" అన్నారట. అయినా గుమ్మంలో అడుగు పెట్టగానే నాకు మళ్ళీ ఆ ఇగురు గుర్తొచ్చింది. ఎదురుగా వంటాయన ఒక పెద్ద బాండీలో స్క్విడ్ ముక్కలు వేయిస్తున్నాడు. తీశాడు, అదే నూనెలో రొయ్యలు వేశాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకుని, వేలితో చూపించి అడిగాను: "ఈ నూనె ఒకటేనా? ఈ మూకుళ్ళు ఒకటేనా? ఈ పిల్లవాడికి రొయ్య పడదు." మా అమ్మాయి, "అమ్మా, నేను కనుక్కున్నానుగా" అంది చిన్నగా. వెనకాల వరుసలో జనం చూస్తున్నారు. సిగ్గేసింది, అబద్ధమెందుకు.

ఆయన గరిటె పక్కన పెట్టి ఇవతలికి వచ్చాడు. నా మొహంలోకి చూసి, తరవాత పిల్లవాడి వైపు చూశాడు. "లేదమ్మా. ఇక్కడున్నది ఒకటే నూనె. ఆరు పొయ్యిలు, అన్నిటి మీదా రొయ్యల ఆవిరే. మూకుడు కడిగి వండుతాను అనొచ్చు, కాని మాట ఇవ్వలేను. ఈ అబ్బాయికి నేను అన్నం పెట్టకూడదు" అన్నాడు. ఫోనులో ఎవరు చెప్పారో తనకి తెలియదని కూడా అన్నాడు. అల్లుడు వెంటనే మనవణ్ణి తీసుకుని, రెండు వీధుల అవతల చేపల వంట లేని పిజ్జా కొట్టుకి వెళ్ళిపోయాడు. వాడు వెళ్తూ వెళ్తూ, "అమ్మమ్మా, నువ్వు కరెక్టుగా అడిగావు" అన్నాడు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఇక భోజనం సంగతి చెబుతాను. ఇటలీలో భోజనం వరుసగా నడుస్తుందట. ముందు ఆంతిపాస్తో, అంటే నంజుడు లాంటి చిరుతిండి. తరవాత ప్రిమో, అంటే కొద్దిపాటి పాస్తా. దాని వెనక సెకొందో, అంటే చేప. పక్కన కూర వేరే పళ్ళెంలో. అమెరికాకి వచ్చాక ఈ వరుస కలిసిపోయింది. పాస్తా, చేప అంతా ఒకే పెద్ద పళ్ళెంలో వస్తుంది. ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది. "పంచుకుంటాం" అని చెబితే రెండు ఖాళీ పళ్ళేలు తెచ్చిస్తారు. మిగిలింది డబ్బాలో కట్టిస్తారు. ఇందులో నామోషీ లేదు, అక్కడివాళ్ళూ అదే చేస్తారు.

కాలమారి అంటే స్క్విడ్. మన విశాఖ రేవులోనూ పడుతుంది, అయితే ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది కాబట్టి మన వంటింటికి రాదు. దాన్ని చక్రాల్లా కోసి పిండి అద్ది వేయిస్తారు. దీనికో కిటుకు ఉంది. రెండు నిమిషాల్లో తీసెయ్యాలి, లేదా పులుసులో ముప్పావుగంట పైన ఉడకనివ్వాలి. ఆ రెంటికీ మధ్య ఎప్పుడు తీసినా సైకిలు ట్యూబే. పక్కనే ఉన్న రోడ్ ఐలండ్ రాష్ట్రంవాళ్ళు దానికి ఊరవేసిన కారపు మిరప చక్రాలు కలుపుతారు. అది వాళ్ళకెంత ఇష్టమంటే, 2014లో కాలమారిని తమ రాష్ట్రపు అధికార చిరుతిండిగా చట్టం చేసుకున్నారు. మనమింకా మిరపకాయ బజ్జీకి ఆ మర్యాద చెయ్యలేదు! కారం కావాలనుకునేవాళ్ళు ఆ మిరప చక్రాలు వెయ్యమని అడగండి. నోరు చప్పబడిపోయిన నాకు ప్రాణం లేచొచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆల్చిప్పల పాస్తా. వాళ్ళు వొంగోలె అంటారు. (మన ఒంగోలు కాదు సుమండీ!) చిప్పలు ప్రాణంతో ఉండగానే వండాలి. వండబోయేముందు నోరు తెరుచుకున్న చిప్పని వేలితో తట్టి చూస్తారు. ముడుచుకుంటే బతికున్నట్టు, ముడుచుకోకపోతే పారెయ్యాల్సిందే. వెల్లుల్లి వేగిన నూనెలో చిప్పలు వేసి మూత పెడితే అవి తెరుచుకుని, లోపలి ఉప్పునీరు మూకుట్లోకి దిగుతుంది. అందుకే ఆ వంటలో ఉప్పు చూసి వెయ్యాలి. పాస్తాని పూర్తిగా ఉడకనివ్వకుండా, మనం పులిహోరకి అన్నం వార్చినట్టు పలుకు మీద తీస్తారు. అది ఉడికిన నీళ్ళు, అంటే మన గంజి లాంటివి, ఒక గరిటెడు మూకుట్లో పోసి, పాస్తా అందులో వేసి ఎగరేస్తారు. గంజి, నూనె, చిప్పల నీరు కలిసి చిక్కని పులుసవుతుంది. వెన్నా లేదు, మీగడా లేదు. చేపలపులుసులో గరిటె పెడితే ముక్క విరుగుతుందని మా అమ్మ గిన్నె రెండు చేతులా పట్టుకుని కదిపేది. ఆయన మూకుడు ఎగరేస్తుంటే నాకు ఆవిడే కనిపించింది. కొన్ని హోటళ్ళలో వండిన మూకుడు వండినట్టే తెచ్చి బల్ల మీద పెట్టేస్తారు. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త.

నల్లగా, తారుకి ముంచినట్టుండే పాస్తా కనిపిస్తే భయపడకండి. అది స్క్విడ్ జాతి జీవులు శత్రువు మీద చిమ్మే సిరా. సముద్రపు వాసనతో ఉప్పగా ఉంటుంది. తిన్నాక నవ్వకండి, పళ్ళన్నీ నల్లగా ఉంటాయి.

బక్కలా అని ఇంకో వంటకముంది. చూడగానే మన ఉప్పుచేప గుర్తొస్తుంది. కాడ్ అనే చేపని ఉప్పేసి ఎండబెట్టింది. రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, టొమాటోతో ఉడికిస్తారు. ఆ రాష్ట్రం ఒకప్పుడు కాడ్ చేపల వ్యాపారంతోనే బలిసింది. బోస్టన్ శాసనసభలో దాదాపు అయిదడుగుల కర్ర చేప ఒకటి వేలాడుతూ ఉంటుంది, 1784లో ఇచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రి ఇటాలియన్ ఇళ్ళల్లో మాంసం ముట్టకుండా ఏడు రకాల చేపలు వండుకుంటారు. అది వాళ్ళకి ఉపవాసం కింద లెక్క. కార్తీకమాసంలో చేప పేరెత్తని మనకి నవ్వొస్తుంది గాని, మన ఉపవాసాల్లో ఉప్మా, పళ్ళు, పాయసం చూసి వాళ్ళూ నవ్వుతారేమో.

అక్కయ్యగారు ఈలోగా నిజంగానే మనుషుల్ని చూస్తూ కూచున్నారు. ఆవిడకేదైనా తెప్పిద్దామని మా అమ్మాయి కార్డు తిరగేసింది. శాకాహారులు ఇక్కడ తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి. మారినారా అంటే నావికుల తరహా అని అర్థం. అమెరికాలో అది ఉత్త టొమాటో వెల్లుల్లి పులుసు. ఇటలీలో అదే పేరున్న పాస్తాలో చేపలూ ఆల్చిప్పలూ ఉండొచ్చు. పేరు చూసి తినకూడదన్నమాట. సీజర్ సలాడ్ అంటే ఉత్త ఆకులే కదా అనుకుంటాం, దాని పులుసులో నెత్తళ్ళు నూరి వేస్తారు. పైన చల్లే పార్మిజానో జున్ను గట్టిపడటానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అసలైన పార్మిజానో అదిలేకుండా చెయ్యరు. ఎండు పాస్తాలో సాధారణంగా గుడ్డుండదు, అప్పటికప్పుడు చేసిన పచ్చి పాస్తాలో తరచు ఉంటుంది. చాలా వంటల్లో తెల్ల వైన్ పోస్తారు. "ఉడికితే అంతా ఆవిరైపోతుంది" అని సర్దిచెబుతారు గాని, కొంత మిగిలే ఉంటుంది.

ఇవన్నీ మా అమ్మాయి ఒక్కొక్కటే చెబుతుంటే అక్కయ్యగారి మొహం చిన్నబోయింది. "పోనీలే తల్లీ, ఇంటికెళ్ళి పెరుగన్నం తింటాను" అన్నారు. నాకు మాత్రం అప్పటికి సిగ్గు పూర్తిగా వదిలిపోయింది. లేచి వంటాయన దగ్గరికే వెళ్ళాను. "చేప తగలని గిన్నె ఒకటుందా?" అన్నాను. ఆయన నవ్వి, తన ఇంటివాళ్ళ కోసం విడిగా దాచుకున్న ఒక చిన్న మూకుడు తీసి చూపించాడు. కొత్త నీళ్ళు పెట్టి పాస్తా ఉడికించి, ఆ మూకుట్లో వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయ వేయించి కలిపి తెచ్చాడు. ఆల్యో ఏ ఓల్యో అంటారట, వెల్లుల్లీ నూనే అని అర్థం. ఆయన నిజాయితీ పిల్లవాడి విషయంలో అప్పటికే చూశాం కాబట్టి అక్కయ్యగారు ధైర్యం చేశారు. అయినా ఒకే పొయ్యి, ఒకే గాలి. అంత పట్టింపు ఉన్నవాళ్ళు అలాంటి చోట తినకపోవడమే నయం. ఆవిడ ఆలోచించుకునే తిన్నారు. "మన వెల్లుల్లి కారం అన్నం లాగే ఉంది, కాకపోతే దీన్ని ఫోర్కుతో తినాలి" అన్నారు. ఫోర్కు చివర నాలుగు పోగులే పట్టుకుని పళ్ళెం అంచున తిప్పితే చుట్టుకుంటుంది. ఎక్కువ తీస్తే ఉండ నోట్లో పట్టదు.

చేపల పాస్తా మీద జున్ను చల్లమని అడిగితే కొందరు మొహం ముడుస్తారు. చేప రుచిని జున్ను మింగేస్తుందని వాళ్ళ పట్టింపు. అదేమంత పెద్ద నేరం కాదు, సిసిలీ తరహా వంటలు కొన్నిటిలో వాళ్ళే వేస్తారు.

బిల్లు దగ్గర ఒక్కమాట. కార్డులో కొన్ని చేపలకి ధర బదులు మార్కెట్ ప్రైస్ అని ఉంటుంది. ఆ రోజు రేవులో పలికిన ధర అన్నమాట. ఎండ్రకాయలకీ లాబ్‌స్టర్‌కీ తరచు అలాగే రాస్తారు. సర్వరు దాని రుచి ఎంత బాగా వర్ణించినా, "ఎంత?" అని అడగకుండా తలూపకండి. అడగడం తప్పు కాదు, అందుకే అలా రాసి ఉంచారు. దాని పైన బోస్టన్‌లో నూటికి 7 పన్ను, ఆ పైన సర్వరుకి నూటికి 18 నుంచి 20 టిప్పు. అక్కడ టిప్పు మన దగ్గరలా చిల్లర విసరడం కాదు, వాళ్ళ జీతంలో పెద్ద భాగం అదే. కాబట్టి పదార్థం ధర చూసినప్పుడే దాని మీద ఇంకో పాతిక వంతులు కలిపి లెక్క వేసుకోండి.

ఆ చిన్న హోటళ్ళలో మిఠాయి పెట్టనివి చాలా ఉన్నాయి. బల్లలు ఎనిమిదే కాబట్టి, మిఠాయి తింటూ కబుర్లు చెబుతూ కూచుంటే బయట వరుసలో ఉన్నవాళ్ళు లోపలికి రాలేరు. తినేసి లేచి వీధి చివర మిఠాయి కొట్టుకి నడిచి వెళ్ళాలి. అక్కడ మా అల్లుడు, మనవడు ముందే నిలబడి ఉన్నారు. మనవడి చొక్కా నిండా పిజ్జా టొమాటో. కొట్టులో కన్నోలి అని, కజ్జికాయ పైపెంకు లాంటిదాన్ని గొట్టంలా చుట్టి లోపల తియ్యటి మెత్తని రికోత్తా జున్ను కూరినవి, అద్దాల వెనక వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మా అమ్మాయి అయిదు చెప్పబోతుంటే అక్కయ్యగారు దాని చెయ్యి పట్టుకుని ఆపారు. తానే ముందుకెళ్ళి కౌంటరు మీదికి వంగి, తెలుగూ ఇంగ్లీషూ కలిపి, గుడ్డు ఉందా, పిండిలో వైన్ పోశారా, కొవ్వు కలిపారా అని మూడూ వరసగా అడిగారు. లోపల ఉన్న అమ్మాయి వేళ్ళు మడుస్తూ మూడింటికీ "ఉన్నాయి" అంది. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. పక్కన గ్లాసుల్లో తెల్లగా మెరుస్తున్నదేమిటని అడిగారు. నిమ్మరసం, పంచదార, నీళ్ళు, అంతే, గడ్డకట్టించి గీరిన మంచు.

ఆవిడ రెండు గ్లాసులు తిన్నారు. మా మనవడు మూడు.